పిలువని సాక్షి

2024వ సంవత్సరము నవంబరు నెలలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ యొక చట్టసవరణ చేసెను. ఇద్దరికంటె నెక్కువమంది బిడ్డలు గలవారు పంచాయతీలకును పురపాలక సంఘములకును జరుగు నెన్నికలలో నిలువరాదని ముప్పదియేండ్లుగా నున్న నిబంధన దానితో తొలగిపోయినది. అది జరిగిన కొలదిదినములకు మా యూరి పఠనమందిరమున "జనసంఖ్య తగ్గుదల, మన కర్తవ్యము" అను విషయమును గూర్చి యొక సభ జరిగెను. వేదికమీద కూర్చున్నవారిలో నేను నొకడను.

మేమారుగురము. ఒక వకీలు, ఒక వైద్యుడు, ఇద్దరు వర్తకులు, ఒక పురోహితుడు, విశ్రాంతోపాధ్యాయుడనైన నేను. ఉపన్యాసములు బాగుగనే యుండెను. వైద్యుడు లెక్కలు చెప్పెను. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున స్త్రీ యొక్కతె సగటున కనుచున్న బిడ్డలు 1.7 మాత్రమే, జనసంఖ్య నిలుకడగా నుండవలెనన్న 2.1 కావలెను. వకీలు దక్షిణాది రాష్ట్రములకు పార్లమెంటులో స్థానములు తగ్గునేమోనని విచారపడెను. పురోహితులు పితృఋణమును జ్ఞాపకము చేసిరి. నేను ముసలివారి సంఖ్య పెరుగుటను గూర్చియు, వారిని చూచువారు లేకపోవుటను గూర్చియు మాట్లాడి, చప్పట్లు కొట్టించుకొంటిని. వెనుకవరుసలలో స్త్రీలును కొందరుండిరి. వారిలో నొక ఉపాధ్యాయినిని వందన సమర్పణమునకు పిలిచిరి. ఆమె మా కారుగురకును పేరుపేరున కృతజ్ఞతలు చెప్పి, కుర్చీలు వేయించినవారికిని మైకు పెట్టినవారికిని గూడ చెప్పి, తన చోటికి పోయి కూర్చుండెను. ఆ సభలో స్త్రీ కంఠమున వినబడిన మాటలవియే.

ఇంటికి వచ్చి భోజనమునకు కూర్చున్నప్పుడు నా భార్య, "ఏమి తీర్మానించారు?" అని యడిగెను. ప్రతి దంపతులును కనీసము ముగ్గురు బిడ్డలను కనుట శ్రేయస్కరమని తీర్మానించితిమంటిని. ఆమె నవ్వి, "కనేవాళ్ళు ఒప్పుకున్నారా?" అనెను. నేను బదులు చెప్పలేదు. ఆమె మజ్జిగ వడ్డించుచు, "ఆ రోజు ఆసుపత్రిలో సంతకం కూడా మీరే పెట్టారు కదండీ," యని మఱియొక మాట యనెను. అందు నిష్ఠురము లేదు. సంత కెవరు వెళ్లిరో జ్ఞాపకము చేసుకొన్నట్లు చెప్పెను. నాకు మాత్ర మన్నము సహింపలేదు.

ఆ సంగతి యిది. 1990లో మాకు రెండవ బిడ్డ పుట్టెను. అప్పటికి నా భార్యకు ఇరువదిమూడేండ్లు. ఆసుపత్రివారు కాగితము తెచ్చి, ఇద్దరు పిల్లలు చాలును గదా, ఆపరేషను చేయించెదరా యని నన్నడిగిరి. అవునంటిని. సంతకము చేసితిని. ఆమె కాన్పు బడలికలో నిద్రించుచుండెను. ఆమె మేల్కొన్నపిమ్మట వేలిముద్రో సంతకమో యెవరైన తీసికొనిరేమో నాకు తెలియదు. ఆమెకును జ్ఞాపకము లేదు. దానికి ముందు నేను చేయించుకొందునా యని నాలో నేననుకొన్న మాట నిజమే. మా యమ్మతో నంటిని గూడ. "వద్దు నాన్నా, మగవాడివి, బలం పోతుంది, బరువులు ఎత్తలేవు," అని యామె కంటతడి పెట్టెను. నేను పాఠములు చెప్పువాడను, బరువు లెత్తువాడను గాను. నీళ్ల బిందెలు మోయునది నా భార్య. ఐనను అమ్మమాట నాకు న్యాయముగనే తోచెను. మగవాని ఆపరేషనులో పొట్ట కోయు పనిలేదనియు, అది తేలికయైనదనియు నెఱుగని మూఢుడను గాను. పాఠశాలలో ఆ సంగతిని పిల్లలకు బోధించినవాడను.

ఇద్దరే చాలుననుట ఆమె కిష్టము కాదా యని చదువరు లడుగవచ్చును. ఇష్టమేనని యామె యిప్పటికిని చెప్పుచున్నది. అడిగియుండిన నదే చెప్పెదనని యనుచున్నది. కావున ఫలితమున భేదము లేదు. మఱి యేమి పోయినది? ఇదియే నే నీ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న. సమాధానము సరియైనదైనప్పుడు ప్రశ్న వేయవలసినవారిని వేయకపోవుట తప్పా?

ఈ అలవాటు నా యొక్కనిది గాదు. మన దేశమున సంతానమును గూర్చి జరిగిన పెద్ద చర్చలన్నియు నట్లే నడచినవి. 1935 డిసెంబరులో అమెరికానుండి వచ్చిన మార్గరెట్ సాంగర్ వార్ధాలో గాంధీమహాత్ముని దర్శించి సంతాననియమనమును గూర్చి వాదించెను. మహాత్ముడు స్త్రీల బాధ నెఱుగనివాడు గాడు. బిడ్డలు తక్కువగా నుండవలెననుటలోను ఆయనకు భేదాభిప్రాయము లేదు. సాధనము మాత్రము నిగ్రహ మొక్కటే కావలెననియు, భార్య భర్తను వలదని చెప్పుట నేర్చుకొనవలెననియు ఆయన పట్టుపట్టెను. ఆయన యందు నాకు గల భక్తి కొంచె మైనను తగ్గకుండ నే నొకమాట చెప్పుదును. వలదనుట నేర్చుకొనుమని స్త్రీకి చెప్పుట సులభము. వలదనిన రాత్రి గడచి తెల్లవారినపిమ్మట ఆ యింట నామె యెట్లు బ్రతుకునో చెప్పగలిగినది ఆమెయే. ఆ సంవత్సరాంతముననే తిరువనంతపురమున జరిగిన అఖిలభారత మహిళాసభలో సాంగర్ మాట్లాడెను. అక్కడ స్త్రీలు తమలో తాము వాదించుకొనిరి. కొందరు గట్టిగా నెదిరించిరి. తుదకు అనుకూలముగ తీర్మానమైనది. వార్ధా సంభాషణము నేటికిని చాలమంది చెప్పుకొందురు. తిరువనంతపురపు వాదోపవాదములను చెప్పుకొనువారు తక్కువ. ఒకచోట ఒక మహాపురుషుడు స్త్రీలను గూర్చి మాట్లాడెను, మఱియొకచోట స్త్రీలే మాట్లాడిరి. మన జ్ఞాపకమునకు మొదటిదే చిక్కినది.

ఆ కాలమున సంతాననియమనమును సమర్థించిన పురుషులును లేకపోలేదు. బొంబాయిలో రఘునాథ కర్వే 1921లోనే కేంద్రము తెఱచి, ఆ పని మూలమున కళాశాలలో నుద్యోగమును గూడ వదలుకొనెను. మైసూరు సంస్థానము 1930లో ప్రభుత్వ వైద్యశాలలలో నందులకు ఏర్పాటు చేసెను. కాని వ్రాసినవారిలోను మాట్లాడినవారిలోను పెక్కుమంది జాతిబలమునో, ఆహారపు కొఱతనో, దారిద్ర్యమునో కారణముగ చూపిరి. పెరియార్ రామస్వామి నాయకరు మాత్రము తన వాదమునకు వారివాదమునకు గల భేదమును స్పష్టముగ చెప్పెను. దేశమునకు మేలు, కుటుంబమునకు మేలు అని తక్కినవా రనుచున్నారు; స్త్రీ స్వతంత్రురాలగుటకు ఇది కావలెనని తాననుచున్నానని ఆయన యభిప్రాయము. ఈ భేదము చిన్నది గాదు. దేశము మేలుకొఱకు బిడ్డలు వలదన్న వాదము, దేశము మేలుకొఱకే బిడ్డలు కావలెనని రేపు తిరుగబడగలదు. స్త్రీ కొఱకన్న వాదమునకట్లు తిరుగుటకు వీలులేదు.

తిరుగబడినది గూడ. 1952లో కుటుంబ నియంత్రణమును ప్రభుత్వ కార్యక్రమముగ చేపట్టి, ప్రపంచమున నట్లు చేసిన దేశములలో మనది మొదటిదయ్యెను. 1965లో లూపులు వచ్చినవి. రక్తస్రావమగుచున్నదనియు, నొప్పియనియు స్త్రీలు చెప్పుకొనిరి. ఆ మాటలను పుకార్లని త్రోసివేయుట జరిగినది. వేసినపిమ్మట చూచువారు లేరు, తీయువారు లేరు. రెండుమూడేండ్లలో ఆ పథకము దానియంతట నదే చతికిలబడెను. ఇందు నీతికంటె ముందు యుక్తి కూడ కలదు. నొప్పి యున్నదో లేదో తెలిసిన సాక్షులు లక్షలసంఖ్యలో నుండగా, వారి నడుగక, తెలియనివారు తమలో తాము ఆలోచించుకొని పథకము నడిపిరి. వ్యాపారము చేయు నేమనిషియు నిట్టి పని చేయడు.

పిమ్మట అత్యవసర పరిస్థితి. 1976-77లో దేశమున 80 లక్షలకు పైబడి ఆపరేషన్లు జరిగినవి. అందు 60 లక్షలకు పైగ పురుషులకు. బలవంతములు, అక్రమములు చెప్పనలవి గానివి జరిగినవి. 1977 మార్చిలో ప్రభుత్వము పడిపోయెను. పడిపోవుటకు, ముఖ్యముగ ఉత్తరదేశమున, ఈ బలవంతపు ఆపరేషన్లు పెద్దకారణమని అందరును ఒప్పుకొనినదే. పురుషుని శరీరముమీద చేయివేసిన ప్రభుత్వము నిలువలేదు. అంతవఱకు న్యాయమే. కాని దానిపిమ్మట జరిగినదేమి? ఆపరేషన్లు ఆగలేదు, శరీరములు మాత్రము మారినవి. 2019-21 సర్వేలో దేశమంతట వివాహితస్త్రీలలో నూటికి సుమారు 38 మంది ఆపరేషను చేయించుకొన్నవారు. భర్త చేయించుకొన్నవారు నూటికి ఒక్కరు గూడ లేరు. మన ఆంధ్రప్రదేశములో స్త్రీలసంఖ్య నూటికి దాదాపు 70. ఇంతటి యెక్కువసంఖ్య మఱియే పెద్దరాష్ట్రములోను లేదని గర్వముగ చెప్పువారిని నేనెఱుగుదును. ఆ గర్వము దేనిని గూర్చియో నాకు బోధపడదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బిలాసపురము దగ్గఱ నొక శిబిరమున కొన్ని గంటలలో 83 మంది స్త్రీలకు ఒకే వైద్యుడు ఆపరేషన్లు చేయగా, వారిలో పదుముగ్గురు మరణించిరి. రెండేండ్లకు సర్వోన్నత న్యాయస్థానము ఇట్టి శిబిరములను క్రమముగ మాన్పవలెనని ప్రభుత్వమున కాజ్ఞ యిచ్చెను. పదుముగ్గురు పురుషు లట్లు మరణించియుండిన, ఏ శాసనసభ యెన్నిదినములు స్తంభించియుండునో చదువరులే యూహించుకొందురు గాక.

ఇప్పుడు మేము సభలో మెచ్చుకొన్న చట్టసంగతి. 1993లో రాజ్యాంగసవరణచేత పంచాయతీలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు దక్కెను. ఆ మఱుసటి యేడే, అనగా 1994లో, ఇద్దరికంటె నెక్కువ బిడ్డలున్నవారు నిలువరాదను నిబంధన మన పంచాయతీరాజ్ చట్టమున చేరినది. ఒకచేత తలుపు తెఱచి వేఱొకచేత గడియ వేసినట్లయ్యెను. ఎందఱు బిడ్డలో నిర్ణయించునది భర్తయు అత్తగారును. అనర్హురా లగునది ఆమె. ఈ వాదము సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయినది. హర్యానా చట్టమును గూర్చిన జావేద్ వ్యాజ్యమున 2003లో తీర్పు చెప్పిన ముగ్గురు న్యాయమూర్తులును, మన దేశపు స్త్రీలలో చైతన్యము కలుగుచున్న యీ దినములలో ఇష్టము లేకయే మూడవ బిడ్డను కనునంతటి నిస్సహాయురాండ్రని తా మనుకొనుట లేదని చెప్పి, నిబంధనను నిలబెట్టిరి. ముగ్గురును పురుషులే. వారి యుద్దేశము మంచిదే గావచ్చును. స్త్రీని అబలయని తీసివేయుటకంటె నది మేలుగదా యని పైకి తోచును. కాని తాము చూడని గదిని గూర్చి యిట్లుండునని యూహించుకొని తీర్పు చెప్పిరి. ఆ దినములలోనే నిర్మలా బుచ్ నాయకత్వమున మన రాష్ట్రముతో గూడ ఐదు రాష్ట్రములలో నీ నిబంధన ఫలితములను పరిశీలించిరి. పదవి నిలుపుకొనుటకై భార్యను వదలినవారు, గర్భము తీయించినవారు, పుట్టిన బిడ్డను తమది కాదన్నవారు, ఇతరుల కిచ్చివేసినవారు ఆ పరిశీలనలో బయటపడిరి. ఆ గది యందున్నవారి మాట యిది.

ముప్పదియేండ్లు గడచెను. బిడ్డలు తక్కువైరి. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి యిద్దరికంటె నెక్కువ బిడ్డలున్నవారికే యెన్నికలలో నిలువ నర్హత నిచ్చు చట్టము తెచ్చు నాలోచన యున్నదని బహిరంగముగ చెప్పిరి. నిబంధన తొలగించుట న్యాయమే. దాని నేను సంతోషముతో నాహ్వానించుచున్నాను. కాని తొలగించుటకు చెప్పిన కారణ మేమి? అది స్త్రీకి అన్యాయము చేసినదనియా? కాదు, ఇప్పు డెక్కువ బిడ్డలు కావలెనని. మా అమ్మ కాలమున నలుగురైదుగురు మేలు. నా భార్య కాలమున ఇద్దరు చాలు. నా కోడలి కాలమున ముగ్గురు కావలెను. కొలత మాటిమాటికి మారుచున్నది. కొలుచు చేయి మాత్రము మారలేదు.

ఇక అసలు ప్రశ్నకు వత్తును. సరియైన సమాధానమే వచ్చుచుండగా అడుగుట యెందులకు?

మిత్రులు కొందరు బుద్ధికి స్త్రీపురుష భేదము లేదందురు. సత్యము. లెక్క పురుషుడు చేసినను స్త్రీ చేసినను ఒకటే. కాని లెక్కలో వేయవలసిన సంఖ్యలెవరిదగ్గఱ నున్నవో వారినడిగి తెచ్చుకొనవలెను గదా. మూడవ కాన్పు అనునది మా సభలో 2.1 అను సంఖ్యలోని యొక భాగము. నా భార్యకు అది మూడు మాసముల వాంతులు, నడుమునొప్పి, ఉద్యోగమునకు సెలవు, పెద్దపిల్ల చదువు, మొదటి కాన్పున కుట్లు చీముపట్టిన దినములు. ఈ సంఖ్యలు లేకుండ చేసిన లెక్క యెంత తర్కశుద్ధమైనను తప్పే. కావున స్త్రీ సాక్షి యగుటచేత అడుగవలెననుట యొకటి.

అది చాలదు. సాక్షిని అడిగి, మాట వ్రాసికొని, పిమ్మట న్యాయాధిపతి తన యిచ్చవచ్చినట్లు తీర్పు చెప్పును. ఈ వ్యవహారమున ఆమె సాక్షి మాత్రమే గాదు, వాది గూడ. వాదిప్రతివాదుల మాట వినకుండ తీర్పు చెప్పరాదనునది న్యాయస్థానమున కొత్తగా చేరిన గుమాస్తాకు గూడ తెలిసిన ధర్మము. తీర్పు సరియైనదే యైనను, వినకుండ చెప్పినది తీర్పు కాదు. నా సంతకమున లోపించినది ఇదియే. ఆమె యిష్టమును నేను సరిగా ఊహించితిని. కాని ఊహింపబడుట వేఱు, అడుగబడుట వేఱు. మన వస్తువులను గూర్చి మనమూహింతుము, మనుష్యుల నడుగుదుము. ఆనాడు నేను నా భార్యయెడల ఏది చేసితినో ఇంతకంటె వివరింప నక్కఱలేదు.

ఇంకను నొక మెట్టు కలదు. అక్కడ నా మిత్రులు చాలమంది నాతో రారు. దేహ మామెది గావున, ఆ దేహమున బిడ్డను మోయుటయా మానుటయా యన్న విషయమున కడపటిమాటయు నామెదే యని నేననుచున్నాను. బడులు, భత్యములు, ప్రసూతి సెలవులు, ముసలివారి పోషణము, వీటిని గూర్చి సంఘమంతయు చర్చింపవచ్చును, చర్చింపవలెను. ఎక్కువ బిడ్డలు కావలసిన సంఘము, బిడ్డలను పెంచుట సులభ మగునట్లు చేయవచ్చును. అంతటితో దాని యధికారము సరి. తండ్రికి హక్కు లేదా యని యడుగుదురు. తండ్రికి కోరిక కలదు, దుఃఖము కలదు, చెప్పుకొను స్వాతంత్ర్యము కలదు; మంచి సంసారమున నామాటకు విలువయు కలదు. ఇద్దరి కోరికలును ఎదురుపడినప్పుడు, ఒకరి కోరిక నెరవేరుటకు ఇంకొకరి శరీరమే సాధనము కావలసివచ్చినచో, ఆ సాధనమును బలిమిని తీసికొను హక్కు మాత్ర మెవరికిని లేదు. మన చట్టమును విచిత్రముగ నంతవఱకు వచ్చినది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టము ప్రకారము వయసు వచ్చిన స్త్రీ సమ్మతియొక్కటే చాలును. భర్త సంతకము కావలెనని యెక్కడను లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషనునకును నంతే. ఐనను ఎన్నో యాసుపత్రులలో "మీ ఆయన్ని పిలవమ్మా" యనుమాట నేటికిని వినబడుచున్నది. అదే చట్టము వైద్యుని యభిప్రాయముమీద నన్నియు నాధారపడునట్లు చేసినది. ఆమె కోరిక మాత్రముచేత నేదియు కాదు. హక్కు కంటె దయగా నిచ్చినదది.

పురుషులు న్యాయము చెప్పలేరని నా వాదము గాదు. 2022 సెప్టెంబరులో ఒక అవివాహిత యువతి వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, 2021 సవరణచేత ఇరువదినాలుగు వారములవఱకు కొందరు స్త్రీలకు కలిగిన యవకాశము పెండ్లికాని స్త్రీకిని సమానముగ వర్తించునని తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమునను ముగ్గురు పురుషులే. ఉన్నత న్యాయస్థానము నిరాకరించినను ఆమె తానుగా వచ్చి తన మాట చెప్పుకొనెను, వారు వినిరి. వినుట పురుషునకు సాధ్యమే యనుటకు ఇంతకంటె నిదర్శన మేల? జావేద్ తీర్పునకును దీనికిని గల దూరము బుద్ధిలోనిది గాదు, చెవిలోనిది.

ఒక యాక్షేపణ మాత్రము నన్ను చాలదినములు బాధించినది. దానిని దాటవేయుట మర్యాద గాదు. కడపటిమాట స్త్రీదే యైనచో, ఆడశిశువని తెలిసికొని గర్భము తీయించుకొను స్త్రీ మాటయు నంగీకరింపవలెను గదా? 1991 జనాభా లెక్కలలో ఆరేండ్లలోపు వెయ్యిమంది మగపిల్లలకు 945 మంది ఆడపిల్లలుండిరి. 2011 నాటికి 920 గూడ లేరు. "నాకు మగబిడ్డే కావాలి" అని తన నోటితో తానే చెప్పు తల్లులను నేను చూచితిని. ఇది నటన గాదు, నిజమైన కోరికయే. ముగ్గురు ఆడపిల్లలను కని అత్తవారింట పడరాని మాటలుపడిన స్త్రీకి ఆ కోరిక నిజము గాక యేమగును?

దీనికి పూర్తి సమాధానము నా దగ్గఱ లేదు. తోచినంత చెప్పుదును. 1994లో వచ్చిన లింగనిర్ధారణ నిషేధ చట్టము ఇచ్చట మనకంటె తెలివిగా నాలోచించినది. అది యంత్రమును, వైద్యుని కట్టడిచేసెను; గర్భవతి యట్టి పరీక్షకు వచ్చినచో, వ్యతిరేకముగ రుజువైనగాని, భర్తయో బంధువులో బలవంతపెట్టిరనియే భావింపవలెనని చెప్పెను. అనగా, ఆమె నోటినుండి వచ్చు మాటలలో ఆమె మాట యేది, ఆమె నోట నితరులు పెట్టిన మాట యేది యను ప్రశ్న చట్టమే వేసినది. మంచి ప్రశ్న. కాని యిక్కడ నొక యపాయమును కలదు. "ఆడవాళ్ళకు సొంత అభిప్రాయ మెక్కడిది, ఇంట్లోవా రేది నేర్పిన నదే చెప్పుదురు" అని యీ సాకుతోనే వారి మాటలన్నిటిని త్రోసివేయువారు బయలుదేరుదురు. అట్టివారికి నా కథయే సమాధానము. నేను ఆపరేషను వలదనుకొనుట నా సొంత యభిప్రాయమా? మా అమ్మ నేర్పినది. ఐనను నా మాటను నా మాటగనే ఆసుపత్రివారు తీసికొనిరి. ఇది నీకెవరు నేర్పిరని నన్నడిగినవారు లేరు. నేర్పినమాట యనుట దోషమైనచో అది యిద్దరికిని దోషమే. ఆపరేషను బల్లమీద, అందరు చుట్టునిలిచియుండగా, కడపటి నిమిషమున అడిగిన ఎవరైనను నేర్పినదే చెప్పుదురు. ముందుగా, ఒంటరిగా, తొందర లేకుండ, ఏమి చెప్పినను శిక్ష లేదన్న నమ్మిక కలిగించి అడిగినప్పుడు వినబడు మాట వేఱుగా నుండవచ్చును. అట్లడిగినవా రింతవఱకు తక్కువ. అడుగకయే ఆమెకు మాట లేదని తీర్మానించుట నాకు సమ్మతము గాదు.

స్త్రీలందరును ఒకేమాట చెప్పుదురా యనునది తేలికపాటి యాక్షేపణ. చెప్పరు. తిరువనంతపురమునను చెప్పలేదు. పురుషులందరును ఒకేమాట చెప్పుదురని వారిని సభలకు పిలుచుచున్నామా? ఇక "మేము పిలిచితిమి, వారు రాలేదు" అను మాట. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాను గూర్చి మాట్లాడుకొనుట మొదలుపెట్టిరి. ఆ మాటలు రాష్ట్రమంతట ప్రాకి, 1993లో సారా నిషేధమువఱకు పోయినవి. వారు మాట్లాడుట యెఱుగనివారని అంతకుముందు అందరి నమ్మకము. వారికి కావలసినది తమవారితో కూర్చుండు నొకచోటును, ఒకవేళయు.

ఈ మాటలన్నియు మా పఠనమందిర కార్యదర్శితో నంటిని. ఆయన మంచివాడు. "పిలుస్తూనే ఉన్నాం మాస్టారూ, ఆడవాళ్ళు రారండీ," యనెను. సభ సాయంత్ర మాఱుగంటలకు గదా, ఆ వేళకు మీ యింట పొయ్యిదగ్గఱ నెవరుందురని యడిగితిని. ఆయన కొంచెము సేపాలోచించి, వచ్చు నాదివారము మధ్యాహ్నము మూడుగంటలకు, వేదిక లేకుండ, చాపలమీద సభ యని ప్రకటన వ్రాసెను. ఉపన్యాసకు లెవరును లేరు. నా భార్యను రమ్మంటిని. "వస్తాను గానీ మాట్లాడను," అనెను. అట్లే మాట్లాడలేదు కూడ.

పదునొకండుమంది స్త్రీలు వచ్చిరి. పురుషులము నలుగురము గోడకు చేరగిలి కూర్చుంటిమి. జనసంఖ్యను గూర్చి యెవరును ప్రస్తావింపలేదు. చాలసేపు మౌనముగ నుండి, తుదకు ఏబదియేండ్ల కూలిమనిషి యొకతె నోరు తెఱచెను. ఇరువదిరెండేండ్ల వయసున ఆపరేషనైనదనియు, నాటినుండి వంగి నాటు వేయునప్పుడెల్ల నడుము పట్టుచున్నదనియు, ఆ ఆపరేషనుకును ఈ నొప్పికిని సంబంధ మున్నదో లేదో తన కిన్నేండ్లలో చెప్పినవారు లేరనియు ననెను. "డాక్టరుగారిని అడిగితే, దానికీ దీనికీ ఏం సంబంధం లేదు పో అన్నాడయ్యా. నేనడిగింది అది కాదు. ముందు నా నడుం చూడమన్నాను," అనెను. ప్రక్కనున్న యిద్దరు తమకు నంతేనని తలయూపిరి. సభలో తీర్మానముల పుస్తకము ముందుంచుకొని కూర్చున్న కార్యదర్శి, ఆ మాటను ఏ శీర్షికక్రింద వ్రాయవలెనో తోచక కలము పట్టుకొని నావంక చూచెను.